వీరేశం చెవిలో ఇంజన్

న్యూజీలాండ్‌లో పాపకూర అనే ఊరి తెలుగువాళ్ళలో సగంమంది వీరేశాన్ని కార్ల మెకానిక్ అనుకుంటారు, మిగతా సగం ఏమీ అనుకోరు. బతుకమ్మ ఆడే హాల్లో అయినా, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం దగ్గరైనా, ఎవరో ఒకరు పేపర్ ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి, "అంకుల్, మా కారు చెకింగ్‌లో ఫెయిలైంది, ఫిట్‌నెస్ వారెంట్ రావట్లేదు, కొంచెం చూస్తారా?" అంటారు. ఆయనకు కాదనడం చేతకాదు. ఆదివారం పొద్దున్నే వాళ్ళ డ్రైవ్‌వేలో కారు కింద దూరి, చెయ్యి కడుక్కుని, ఇచ్చిన టీ తాగి ఇంటికొస్తాడు. అసలు పని ఇదీ అని చెబితే వాళ్ళు నమ్మరు. నమ్మినా, ఇదేం పిచ్చి అంకుల్ అంటారు.

పిచ్చే మరి, కాదని ఎవరన్నారు? రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన ఫైటర్ విమానాలు కొన్ని న్యూజీలాండ్‌లో ఇంకా బతికే ఉన్నాయి. వాటిని తుడుచుకుంటూ, అప్పుడప్పుడూ ఎగరేసుకుంటూ మురిసిపోయే మారాజులున్నారు. అందులో కొందరికి ఎగిరితే చాలదు, పందెంలో దిగాలి. ఆవులు మేసే పచ్చికబయళ్ళలో ఎత్తైన స్తంభాలు నిలబెట్టి, చెట్ల కొసలకు కాస్త పైనుంచి, వాటి చుట్టూ ఒకర్నొకరు తరుముకుంటూ తిరగాలి. ఆ విమానాల ఇంజన్లను పందేనికి తయారుచేసే షెడ్డులో వీరేశం ఫిట్టరు. పాపకూర దాటాక వచ్చే ఎయిర్‌ఫీల్డ్‌లో, చివరి వరసలో ఉంటుంది ఆ షెడ్డు.

తయారుచేయడం అంటే ఏమిటో చెబుతాను, ఇది తెలియకపోతే ఆయన బాధ తెలియదు. పన్నెండు సిలిండర్ల ఇంజన్ అది. దాని వెనక గాలిని కుక్కే పంకా ఒకటుంటుంది, సూపర్‌చార్జర్ అంటారు. యుద్ధంలో ఆ పంకా ఎంత గాలి కుక్కేదో, వీళ్ళు దాని గేర్లు మార్చి రెట్టింపు దాకా కుక్కిస్తారు. అంత గాలి పడితే అంత పెట్రోలు మండుతుంది, అంత బలం వస్తుంది. వచ్చిన బలానికి పిస్టన్లను కింది క్రాంక్‌తో కలిపే ఉక్కు రాడ్లు వంగిపోతాయి. అందుకని వాటిని తీసేసి, వేరే రకం ఇంజన్ నుంచి తెచ్చిన లావుపాటి రాడ్లు బిగిస్తారు. లోపల వేడి తట్టుకోలేనంత పెరుగుతుంది, దానికి నీళ్ళూ మిథనాలూ కలిపి గాలితోపాటు చల్లుతారు. ఆ చల్లడం ఒక్క క్షణం తడబడిందా, పెట్రోలు తన వంతు రాకముందే భగ్గున పేలి పిస్టన్‌ని సుత్తితో మోదినట్టు మోదుతుంది. మొత్తానికి తాతగారికి ఇంజెక్షన్లు పొడిచి కుర్రాళ్ళతో పరుగుకు పంపడమే. తాతగారు పరిగెత్తుతారు, అందులో అనుమానం లేదు. ఎప్పుడు కూలబడతారన్నదే ఎవరికీ తెలియదు.

వీరేశం ఈ విద్య పుస్తకాల్లో నేర్చుకోలేదు. కాజీపేటలో రైలు ఇంజన్లు బాగుచేసే డీజిల్ షెడ్డులో చెయ్యి తిరిగాక, హామిల్టన్‌లో ట్రాక్టర్లు బాగుచేసే ఉద్యోగం దొరికి భార్య కృష్ణవేణితో ఇక్కడికి వచ్చాడు. అక్కడ ఒకసారి గ్రేమ్ అనే పాడిరైతు ట్రాక్టరు పట్టుకొచ్చాడు. వీరేశం పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. కాజీపేట ఫిట్టర్లందరూ అలాగే వింటారు, అందులో వింతేమీ లేదు. గ్రేమ్‌కి మాత్రం వింతే అయింది. "ఏం వింటున్నావు?" అని అడిగాడు. "ఎక్కడ నొస్తుందో చెప్తది సార్," అన్నాడు వీరేశం. గ్రేమ్ ఆ వారమే ఆయన్ని తన విమానం షెడ్డుకు తీసుకెళ్ళాడు. వీరేశం మళ్ళీ ట్రాక్టర్ల దగ్గరికి పోలేదు, కాపురం పాపకూరకు మార్చాడు.

ఏడాదిపాటు ఆయన గ్రేమ్‌ని సార్ అనే పిలిచాడు. "సార్ అంటే మా ఆవులు కూడా నవ్వుతాయి వీర్," అని గ్రేమ్ విసుక్కుంటే, నానా తంటాలు పడి పేరు పెట్టి పిలవడం అలవాటు చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ ఇంజన్ని ఎన్నిసార్లు విప్పారో, ఎన్నిసార్లు బిగించారో. పైలట్ స్థానంలో గ్రేమ్ కూర్చుని ఉండగా వీరేశం వేలెత్తితే చాలు, ఎందుకని అడగకుండా ఇంజన్ ఆపేసేవాడు. అంత నమ్మకం కట్టుకున్నవాళ్ళ మీద కూడా ఉండదు చాలామందికి.

ఒక ఏడాది పందెం హామిల్టన్ అవతల, పచ్చిక మధ్యనున్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో. పొద్దున గ్రేమ్ ఇంజన్ వేడిచేసి ఆపాడు. ప్రొపెల్లర్ నెమ్మదిస్తూ ఆఖరి చుట్లు తిరుగుతున్నప్పుడు వీరేశానికి ఒక చప్పుడు వినిపించింది. టక్. కొంచెం ఆగి, టక్ టక్. ఎండిపోయిన చప్పుడు, నూనె తగలని చోట ఉక్కు ఉక్కుని తాకినట్టు. ప్రొపెల్లర్ ఆగిపోయింది, చప్పుడూ ఆగింది. విన్నానా, లేక విన్నానని అనుకున్నానా? షెడ్డు కుర్రాళ్ళను అడిగితే ఎవరికీ వినిపించలేదు. నూనె ఫిల్టరు తీసి చూశాడు, అందులో ఉక్కు రజను లేదు. అయినా మనసు పీకుతూనే ఉంది. ఇంకోసారి తిప్పి వినాలి, గ్రేమ్‌కి చెప్పాలి అనుకుంటూ తల ఎత్తేసరికి గ్రేమ్ హెల్మెట్ చేతిలో పట్టుకుని విమానం వైపు నడిచిపోతున్నాడు.

వీరేశం పిలవడానికి నోరు తెరిచాడు. మాట పెగల్లేదు.

ఎందుకంటే, బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. కాజీపేటలో నాయన నైట్ డ్యూటీకి గడప దాటాక, టిఫిన్ డబ్బా మరిచిపోయినా సరే, వాళ్ళమ్మ పిలవనిచ్చేది కాదు. "ఎనకకెంచి పిలువద్దు బిడ్డా, పోయినోడు మల్ల మన ముంగట నిలవడు," అనేది. పిల్లవాడు సందు చుట్టూ పరిగెత్తి, తండ్రికి ఎదురెళ్ళి డబ్బా ఇచ్చేవాడు. మనం నవ్వుతాం గానీ, చావు పక్కనే తిరిగే ఆటకు ఒక మనిషి పోతున్నప్పుడు, వెనకనుంచి పిలిచి అపశకునం చేయడానికి మనలో ఎవరి నాలుకైనా తడబడుతుంది. వీరేశం ఆ చిన్నపిల్లవాడు చేసిన పనే చేశాడు. పెట్రోలు ట్యాంకరు చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్దామని పరిగెత్తాడు. అక్కడ జనం ఉన్నారు, తాళ్ళు కట్టి ఉన్నాయి. ఆయన తాళ్ళు దాటి ముందుకు వచ్చేసరికి ఇంజన్ స్టార్టయి హోరెత్తుతోంది. ఎదురుగా వీరేశాన్ని చూసి గ్రేమ్ సంబరంగా చెయ్యి ఊపాడు. ఆ హోరులో ఏ టక్ టక్ కూడా వినపడలేదు. వేలెత్తబోయిన వీరేశం, విన్నది భ్రమేనేమో అనుకుని, తనూ చెయ్యి ఊపాడు.

మూడో చుట్టులో రాడ్ విరిగి ఇంజన్ గోడను చీల్చుకుని బయటికొచ్చింది. అంత కిందనుంచి ఇంజన్ లేకుండా దిగడానికి గ్రేమ్‌కి చోటు దొరకలేదు. పాప్లార్ చెట్ల వరసలో పడ్డాడు. మంటలు రాలేదు గానీ, మనిషి మిగల్లేదు.

విచారణకు వచ్చినవాళ్ళు ఇది ఎవరూ ముందుగా కనిపెట్టగలిగింది కాదని తేల్చారు. అందరూ తల ఊపారు. వీరేశం కూడా ఊపాడు. ఇంటికొచ్చి కృష్ణవేణితో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె ముసలివాళ్ళుండే రెస్ట్ హోమ్ వంటింట్లో పనిచేస్తుంది, చావులు చూసిన మనిషి. అన్నం కలిపి ముందు పెట్టింది. ఆయన ముద్ద ఎత్తాడు, పొయ్యి మీద కుక్కర్ వెయిటు కదిలింది. టక్. కొంచెం ఆగి, టక్ టక్. ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు.

అప్పటినుంచి ఆ చప్పుడు ఆయన్ని వదల్లేదు. వాషింగ్ మెషీన్ ఆఖర్న ఆగబోయేటప్పుడు, మోటార్‌వే మీద కారు టైరు రోడ్డు అతుకులు దాటేటప్పుడు, ఎవరి డ్రైవ్‌వేలోనో ఎవరి కారు కిందో, ఉన్నట్టుండి వచ్చేది. కారు బాగుచేయించుకునేవాళ్ళు, "ఏమైంది అంకుల్, పెద్ద ప్రాబ్లమా?" అని కంగారుపడేవారు. "ఏం లేదు, మంచిగనే ఉంది," అనేవాడు. కృష్ణవేణి మొదట్లో ఊరుకుంది, తర్వాత్తర్వాత విసుక్కుంది. "గా సప్పుడు నాకెందుకు ఇనబడ్తలేదయ్యా?" అనేది.

గ్రేమ్ కూతురు టెస్సా పశువుల డాక్టరు. విమానం నడపడం తండ్రి దగ్గరే నేర్చుకుంది. సంవత్సరీకం కూడా కాకముందే షెడ్డుకు వచ్చి, మళ్ళీ కడదాం అంది. రెక్క ఒక చోట దొరికింది, ఇంజన్ గోడ ఒక చోట దొరికింది. పాత ఇంజన్లోంచి పనికొచ్చేవి కూడా వాడుదామంది టెస్సా. సూపర్‌చార్జర్ బాగానే ఉంది, ఎడమవైపు సిలిండర్ల పైభాగం బాగానే ఉంది. నాన్న చేతులు తగిలినవి కొన్నైనా ఉండాలి అంది. వీరేశం కాదనలేకపోయాడు. కొన్నేళ్ళు పట్టింది. ప్రతి బోల్టూ ఆయనే బిగించాడు. మిథనాల్ నీళ్ళకు ఒకటికి రెండు పంపులు పెట్టాడు, ఒకటి తడబడితే రెండోది అందుకునేలా. కుర్రాళ్ళు ఇంకొంచెం గాలి కుక్కుదామంటే ఒప్పుకోలేదు.

పందెం రోజు వచ్చింది. అదే పచ్చిక, అవే స్తంభాలు. చెట్ల వరసలో ఒక చోట మాత్రం కొత్త మొక్కలు ఎదుగుతున్నాయి. పొద్దున టెస్సా ఇంజన్ వేడిచేసి ఆపింది. ప్రొపెల్లర్ నెమ్మదిస్తుండగా వీరేశానికి వినిపించింది. టక్. కొంచెం ఆగి, టక్ టక్.

కుర్రాళ్ళ మొహాలు చూశాడు. ఎవరికీ ఏమీ వినిపించినట్టు లేదు. నూనె ఫిల్టరు శుభ్రంగా ఉంది, మీటర్లలో ఏ ముల్లూ పక్కకు పోలేదు. టెస్సా హెల్మెట్ చేతిలో పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, అచ్చు తండ్రి నడకే. వీరేశం కాళ్ళు ట్యాంకరు వైపు కదలబోయాయి, చుట్టూ తిరిగి ఎదురెళ్ళడానికి. వాటిని నిలబెట్టాడు. నిలబెట్టి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని వెనకనుంచి అరిచాడు.

"ఆగు బిడ్డా!"

ఆ మాటలు ఆమెకు తెలియవు. గొంతు తెలుసు. ఆగి వెనక్కి తిరిగింది. వీరేశం రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి, వద్దని చెప్పాడు. టెస్సా ఒక్క మాట అడగకుండా హెల్మెట్ గడ్డి మీద పెట్టేసింది. మిగతా విమానాలు లేచి వెళ్ళిపోయాయి.

షెడ్డుకు తెచ్చి ఇంజన్ని పూర్తిగా విప్పారు. రాడ్లు బల్ల మీద వరసగా పెట్టి, రంగునీళ్ళు పూసి, పగుళ్ళకోసం దీపం కింద వెతికారు. బేరింగులు నున్నగా మెరుస్తున్నాయి. స్పార్క్ ప్లగ్గుల మీద కరిగిన లోహపు చుక్క ఒక్కటి లేదు. పిస్టన్లు కొత్త పెళ్ళికూతురి గాజుల్లా ఉన్నాయి. ఏమీ లేదు. ఆ ఇంజన్లో ఏ లోపమూ లేదు.

కుర్రాళ్ళు మొహాలు చూసుకుని బయటికి పోయారు. టెస్సా బల్లకు ఆనుకుని నిలబడింది. "ఇన్నేళ్ళ పని వీర్," అంది, మెల్లగా. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది. ఇక దాచడానికేముంది? ఆ రోజు తండ్రి విషయంలో జరిగిందంతా చెప్పాడు. చప్పుడు గురించి, తెరిచిన నోరు గురించి, ట్యాంకరు చుట్టూ పరిగెత్తడం గురించి, ఊపిన చెయ్యి గురించి. వెనకనుంచి ఎందుకు పిలవకూడదో ఇంగ్లీషులో చెప్పబోతే, ఎలా చెప్పినా పసిపిల్లల మాటలాగే ఉంది. ఆయనకు సిగ్గేసింది.

టెస్సా బల్ల మీది రాడ్ ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ వరసలో పెట్టింది. "నువ్వు పిలిచినా నాన్న ఆగేవాడు కాదులే," అంది.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. వేలెత్తితే ఆగేవాడు.

ఇంటికి వెళ్ళి కృష్ణవేణితో చెప్పాడు. ఆమె మొహం విచ్చుకుంది. "జూసినవా? ఇంజిన్ల ఏం లేకపాయె. అయితే ఆనాడు గూడ ఏం లేకుండె గావొచ్చు. నువ్వే ఊకె మనసుల వెట్టుకున్నవ్. ఇడ్సిపెట్టయ్యా ఇగ."

"ఆనాడు ఉండె వేణీ," అన్నాడు వీరేశం. "రాడ్ ఇరిగింది గద."

అదే కదా చిక్కు. అప్పుడు విన్నది నిజం, ఇప్పుడు విన్నది కాదు, రెండూ ఒక్కటే చప్పుడు. తన చెవి చెడిపోయిందని తెలిశాక ఫిట్టరు ఏం చేయాలి? వీరేశం మర్నాడే టెస్సా దగ్గరికి వెళ్ళి, నీకు వేరే మనిషిని చూసుకో, నేను ట్రాక్టర్లకు పోతాను అన్నాడు.

"వద్దు," అంది టెస్సా. "నన్ను ఆపడానికి ధైర్యం చేసిన మనిషివి నువ్వొక్కడివే. నువ్వు తల ఊపితేనే కదుల్తాను. నువ్వు లేకపోతే ఈ విమానం షెడ్డులోనే ఉంటుంది."

ప్రేమతోనే అంది ఆ పిల్ల. కానీ ఎంత బరువు పెట్టిందో చూడండి ఆ ముసలి మెడ మీద. ఏడాదంతా వీరేశం సరిగ్గా తినలేదు. ఆ ఏడు మేడారం జాతరకు వెళ్ళినవాళ్ళతో బంగారం పంపి మొక్కుకుంది కృష్ణవేణి, అంటే అమ్మవార్లకిచ్చే బెల్లం, ఆయన బరువుకు తూగేంత కాదుగానీ తన తాహతుకు తగినంత.

మళ్ళీ పందెం వచ్చింది. ఈసారి టెస్సా అద్దాల మూత తెరిచే ఉంచి, నడుస్తున్న ఇంజన్ వెనక కూర్చుని, వీరేశం వైపు చూసింది. వేగం తగ్గించి ఇంజన్ని మెల్లగా తిరగనిచ్చింది, ఆయన వినడానికని. ఆయన రెక్క మొదట్లో నిలబడి విన్నాడు. రాకూడదని మొక్కుకుంటూనే విన్నాడు.

టక్. కొంచెం ఆగి, టక్ టక్.

వచ్చింది. అయితే ఈసారి ఆయన అరచేతిని రెక్క మీద బోర్లించాడు. రేకు కింద ఇంజన్ వణుకు తెరలు తెరలుగా, ఒకే ఒరవడిలో వస్తోంది. చెవిలో టక్‌మన్నప్పుడల్లా అరచేతి కింద ఏదైనా తడబడుతుందేమోనని చూశాడు. తడబడలేదు. మళ్ళీ చూశాడు. లేదు. తను బిగించిన ప్రతి బోల్టూ, చూసిన ప్రతి రాడ్డూ ఆ చేతికి గుర్తున్నాయి. చెవిని నమ్మితే ఈ పిల్ల బతుకంతా నేల మీదే. చేతిని నమ్మి, అది తప్పైతే? టెస్సా కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. చెవిలో టక్ టక్‌మంటూనే ఉంది.

వీరేశం తల ఊపాడు.

ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన పడిన నరకం మాటల్లో పెట్టడం నావల్ల కాదు. విమానం స్తంభాల చుట్టూ తిరుగుతున్నంతసేపూ అటు చూడలేదు, గడ్డి మీద కూర్చుని నేల వైపే చూశాడు. మూడో చుట్టులో చెట్ల మీదుగా హోరు పోతుంటే ఆయన పెదాలు కదిలాయి. దేవుణ్ణి పిలిచాడో, గ్రేమ్‌నో ఆయనకే తెలియదు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరు గెలిచారో మైకులో చెప్పారు, అది టెస్సా పేరు కాదు. అయినా చక్రాలు నేలను తాకిన చప్పుడు విన్నాక, వీరేశం గడ్డి దులుపుకుని లేచాడు.

టెస్సా విమానాన్ని తెచ్చి నిలిపింది. ఇంజన్ ఆపింది. ప్రొపెల్లర్ ఆఖరి చుట్టు తిరిగి ఆగిపోయింది. మైకు కూడా ఆగింది. దూరంగా ఒక ఆవు అరిచింది. అంత నిశ్శబ్దంలో, ఏ ఇంజనూ నడవని చోట, వీరేశం చెవిలో టక్‌మంది. కొంచెం ఆగి, టక్ టక్.

టెస్సా దిగి ఆయన దగ్గరికి వచ్చింది. హెల్మెట్ తీసింది, జుట్టంతా చెమటకు అతుక్కుపోయింది. ఆయన మొహం చూసి, "ఇప్పుడు కూడానా?" అంది.

వీరేశం తల ఊపాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"ఇదే చప్పుడా? ఆ రోజు నాన్న ఇంజన్ది?"

"ఇదే."

ఆమె గ్లవ్స్ విప్పి జేబులో పెట్టుకుంది. "ఆ రోజు నేను లేను. ఎవరిదో ఆవు ఈనలేకపోతే వెళ్ళాను. నాన్న ఇంజన్ ఆఖరిసారి నడవడం నేను వినలేదు," అంది. తర్వాత, అడగకూడనిది అడుగుతున్నట్టుగా, "ఎలా ఉంటుంది వీర్?" అంది.

వీరేశం ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు పోతే చాలనుకున్నాడు. పోతే, గ్రేమ్ ఇంజన్ ఇంకెక్కడా నడవదని ఎప్పుడూ తట్టలేదు. ఆయన వేలు మడిచి, ఇంకా వెచ్చగా ఉన్న రెక్క రేకు మీద కణుపుతో కొట్టాడు. టక్. కొంచెం ఆగి, టక్ టక్.

టెస్సా వంగి, చెంపను రెక్కకు ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఇంకోసారి," అంది.

వీరేశం మళ్ళీ కొట్టాడు.